బీట జాతకం

కమిషన్ ఉత్తరం వచ్చేసరికి హైమ నోట్లో నేరేడుపండు ఉంది.

డాక్టర్ వేదవల్లి తన గదిలోంచి ఫోను పైకెత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. యాభై ఆరేళ్ల మనిషి. ఏనాడూ గొంతు పెంచి ఎరగదు. ప్రయోగశాలలో చెప్పులు వేసుకోకూడదని తనే పెట్టిన నియమం పుణ్యమా అని నున్నటి నేల మీద జారి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుని, "ఒప్పుకున్నారే హైమా! మన యంత్రం మాటని సాక్ష్యంగా తీసుకుంటారట!" అంది.

హైమ నేరేడుపండు గింజతో సహా మింగేసింది. మేడమ్‌ని కౌగిలించుకోవచ్చా కూడదా అని ఒక్క క్షణం ఆలోచించి, కౌగిలించేసుకుంది. పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఈ నలభై ఒక్క రోజుల్లోనూ ఆమెకు ఏది చూసినా ముచ్చటగానే ఉంటోంది. బీరువాలో తన చీరల పక్కన మడతపెట్టిన తిలక్ చొక్కాలు, క్యారియర్ పైగిన్నెలో అతను దాచిపెట్టే బెల్లం ముక్క, నలుగురిలో 'ఏమండీ' అనీ గదిలోకి వెళ్లాక 'ఒరేయ్' అనీ పిలుచుకోవడం. ఇన్ని ముచ్చట్ల మీద ఇప్పుడిదొకటి. ఊదారంగు నాలుకతో ఆమె వేసిన కేకకి పక్కగదిలో వాళ్లు కూడా వచ్చేశారు.

జాజులేరు ఆనకట్ట కిందటి శ్రావణంలో చెమ్మగిల్లడం మొదలుపెట్టింది. కింది వైపు గోడ మీద అరవై అడుగుల పొడవున ఒక తడి గీత. గీత కనిపించిన మర్నాటికే దానికి పేరు పడిపోయింది, నేగీ బీట అని. ప్రధాని యశోధరా నేగీ గద్దెనెక్కి మూడేళ్లే అయింది. అయినా గంట గుర్తు పార్టీ వాళ్ల లెక్కలో అది ఆవిడ నిర్లక్ష్యం. ఆవిడ గొడుగు గుర్తు పార్టీ వాళ్ల లెక్కలో అది పాత పాపం. పార్లమెంటు రెండు వారాలు స్తంభించాక ఒక విచారణ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పెట్టిన ప్రశ్న ఒక్కటే. ఈ బీట ఎవరి హయాంలో పుట్టింది?

దానికి జవాబు చెప్పగల యంత్రం వేదవల్లి దగ్గర ఉంది.

జవాబు దొరికిన రోజు హైమకి ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. పాత ఫోటో స్టూడియోల్లోలా గుడ్డి ఎర్రదీపం వెలిగే గది. ఆనకట్టలోంచి తొలిచి తీసిన కాంక్రీటు కడ్డీ. బీట చీల్చిన ముఖం మీంచి గీరి తీసిన ఒకే ఒక్క ఇసుక రేణువు. చుట్టూ ఉన్న రాతిలోంచి వచ్చే సన్నటి కిరణాల శక్తిని ఇసుక రేణువు ఏళ్ల తరబడి తనలో పోగేసుకుంటుంది. కాంక్రీటు చీలినప్పుడు ఆ రాపిడికి పోగేసుకున్నదంతా ఒలికిపోతుంది. ఆ క్షణం నుంచి మళ్లీ ఖాళీ కుండలా చుక్క చుక్క నింపుకోవడమే. హైమ దాని మీదికి ఆకుపచ్చ కాంతి వదిలింది. రేణువు తను దాచుకున్నదంతా కక్కేస్తూ మిణుగురులా ఒక్కసారి వెలిగి ఆరింది. ఆ వెలుగు ఎంతో కొలిచి, చీలిక ఎన్నాళ్ల కిందట పుట్టిందో యంత్రం చెప్పింది. ప్రయోగశాలలో దాన్ని అందరూ ముద్దుగా 'జాతకం' అనేవాళ్లు.

ముప్పై ఎనిమిదేళ్ల నాలుగు నెలలు.

అప్పటికి నేగీ పదో తరగతి చదువుతోంది. అప్పటి ప్రధాని గంట పార్టీ వాళ్లు ఇప్పటికీ దండలు వేసి కొలిచే దివంగత కేదారనాథ్ వ్యాస్.

హైమ మొదట తిలక్‌కి ఫోన్ చేసింది. అందలేదు. అతను ఆనకట్టలో జూనియర్ ఇంజనీరు, ఈ వేళప్పుడు గోడ కడుపులో ఉంటాడు. తర్వాత నాన్నకి చేసింది.

"గెలిచాం తల్లీ!" అన్నాడు తాతారావు. దిగువపేట ఏడో వార్డుకి గొడుగు పార్టీ అధ్యక్షుడాయన. "ఎవడో చేసిన కంతకి ఆవిణ్ణి పట్టుకుని ఏడాదిగా ఎన్నెన్ని మాటలన్నారు! మీ మావగారికి చెప్పావా? ఆయన మొహం ఒక్కసారి ఫోటో తీసి పంపమ్మా, పుణ్యముంటుంది."

హైమ పగలబడి నవ్వింది. తన లోపల కూడా ఎవరో గెలిచారని ఆమెకి ఆ నవ్వులోనే తెలిసింది. చిన్నప్పటి నుంచీ గొడుగు పార్టీ ఇంట్లో పెరిగిన పిల్ల. యంత్రం తను కోరుకున్న జవాబే చెప్పింది.

*

దిగువపేటలో ఏ వాకిట్లో నిలబడినా ఆనకట్ట కనిపిస్తుంది. ఆకాశం అక్కడితో అయిపోయినట్టు అడ్డంగా బూడిదరంగు గోడ. వెనక నలభై మైళ్ల నీళ్లు, ముందు పదకొండు వేల మంది జనం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గోడ కాబట్టి హైమ దాన్ని చూడటం ఎప్పుడో మానేసింది.

కాజాల పొట్లంతో ఇంట్లో అడుగుపెట్టేసరికి మామగారు గవర్రాజు టీవీ ముందున్నాడు. ఆనకట్టలోనే మేస్త్రీగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి. ఆరో వార్డుకి గంట పార్టీ అధ్యక్షుడు. ఇద్దరు అధ్యక్షులు వియ్యమందడం ఊళ్లో ఎంత వింతయిపోయిందంటే, పెళ్లి పందిట్లో భోజనాల బంతులు కూడా పార్టీల వారీగానే కూర్చున్నాయి.

"వచ్చావా అమ్మాయ్. మీ యంత్రాన్నే చూపిత్తన్నారు. దానికి ఏ బూతులో ఉందేంటి ఓటు?"

"దానికి ఓటు లేదు మావయ్యగారూ. ఉంటే మీకే వేయించేదాన్ని."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న తిలక్ పకపకా నవ్వాడు. "ఉల్లిపాయలు మండితే నేగీ, కరెంటు పోతే నేగీ. మొన్న నీ మోకాలి నొప్పికి కూడా ఆవిడే అన్నావు నాన్నా. ఈ ఒక్కటైనా వదిలెయ్."

"మోకాలికి ఆవిడే. రోడ్డు మీద గోతులెవరివి?"

"ఆ రోడ్డు వేయించింది మీ గంటోళ్లే కదండీ," అంది అత్తగారు మంగతాయారు వంటింట్లోంచి.

"నువ్వు కాఫీ చూడవే."

హైమ కాజాలు పళ్లెంలో సర్దుతూ, "గోతుల సంగతి తెలీదు గానీ మావయ్యగారూ, బీట మాత్రం ముప్పై ఎనిమిదేళ్ల నాడు ఫిబ్రవరిలో పుట్టింది," అంది. ఆ గొంతులో గెలుపు దాగలేదు.

గవర్రాజు టీవీ కట్టేశాడు. "నెల కూడా చెబుద్దా?"

"చెబుతుందండీ. వారం కూడా. రెండో వారం."

ఆయన కాజా ముట్టుకోకుండా లేచి వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు. ఓడిపోయిన కోపం అనుకుంది హైమ. కొంచెం జాలి కూడా పడింది.

మంగతాయారు కాఫీ గ్లాసులు తెచ్చిపెట్టి, కోడలి చేతిలో కాజా తుంచుకుంది. "దాన్ని జాతకం అంటారంట కదమ్మా మీరు. మరి మా పంతులుగారు నీ జాతకం చూసినప్పుడు పుట్టిన గడియ చూసి ఊరుకున్నాడా? ఆయుష్షు లెక్కగట్టాకే గదా లగ్నం పెట్టింది. ఆ గోడకి ఆయుష్షు చూడరా?"

తిలక్ మళ్లీ నవ్వాడు. హైమ నవ్వబోయి ఆగిపోయింది. నోట్లో కాజా తీపి ఉన్నట్టుండి తెలియకుండా పోయింది.

*

తొలిచి తీసిన కడ్డీలు మొత్తం పదహారు. నీటి వైపు బీట నోటి దగ్గర మొదలుపెట్టి, గోడ లోపలికి అది పాకిన దారంతా, కొన్ని అడుగులకొకటి చొప్పున తీసినవి. పుట్టుక చెప్పడానికి నోటి దగ్గరివి మూడు చాలు. కమిషన్ అడిగింది పుట్టుకే. అందుకని మూడింటినే చదివారు. మిగతా పదమూడూ నల్లపెట్టెల్లో, ఇరవై అయిదు రోజులుగా అలాగే పడి ఉన్నాయి.

మర్నాడు హైమ తొలి బస్సుకే వెళ్లి ఒక్కొక్క పెట్టే తెరిచింది. ఎర్రదీపం, రేణువు, ఆకుపచ్చ కాంతి, మిణుగురు.

ఆరడుగుల లోపల: ఇరవై నాలుగేళ్లు. పన్నెండు అడుగుల దగ్గర పద్నాలుగు. పద్దెనిమిది దగ్గర ఏడు. ఇంతవరకూ ఆమె చెయ్యి స్థిరంగానే ఉంది. ఇరవై మూడు అడుగుల దగ్గర మూడేళ్లు. ఇరవై ఎనిమిది దగ్గర ఏడు నెలలు. ముప్పై ఒకటి దగ్గర రెండు నెలలు. చివరి కడ్డీ ముప్పై మూడు అడుగుల లోతుది. రేణువు వెలగలేదేమో అనుకుంది. వెలిగింది, కళ్లు చికిలిస్తే తప్ప ఆననంత. ముప్పై ఒక్క రోజులు. అందులో పెట్టెలో గడిపినవి ఇరవై అయిదు.

అంటే తొలిచిన రోజుకి దాని వయసు ఆరు రోజులు. బీట ఇంకా నడుస్తోంది. నడవడం కాదు, పరుగెడుతోంది.

గోడ మందం నలభై అడుగులు. ముప్పై ఆరు చీలితే మిగతా నాలుగూ నీటి బరువుకి ఆగవు. హైమ కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపింది. తొలిచిన రోజు నుంచి ముప్పై రెండు రోజులు అని వచ్చింది. మళ్లీ కట్టింది. మళ్లీ అదే. ఇరవై అయిదు తీసేసింది.

ఏడు రోజులు. అటో ఇటో రెండు.

చెమట పట్టిన వేళ్లకి కాగితం అతుక్కుంది. ఈ ఇరవై అయిదు రోజులూ ఏం చేస్తున్నారు తనూ, మేడమూ? యంత్రం మాట చెల్లుతుందో లేదో అన్న ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు. పెట్టెలు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. ఎవరిదో తెలిసిపోయాక గోడకి ఇంకా ఎన్నాళ్లుందో చూడాలని తట్టలేదు. నాన్న గెలిచాడు కదా.

వేదవల్లి కాగితాన్ని రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి, కమిషన్ కార్యదర్శికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"చాలా విలువైన సమాచారం మేడమ్," అన్నాడు కార్యదర్శి. "అనుబంధ నివేదికగా పంపండి. వచ్చే విచారణ రెండో తారీఖున."

"రెండో తారీఖుకి ఆనకట్ట ఉండదండీ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "కూలితే అది ఎవరి బాధ్యత కిందికి వస్తుందో కూడా అందులో స్పష్టంగా రాయగలరా? ఎందుకంటే, మొదటి నివేదికకి ఇది విరుద్ధంగా ఉందని ఎవరైనా..."

వేదవల్లి ఫోను పెట్టేసింది. తర్వాత కలెక్టరు ఆఫీసు. కలెక్టరుగారు ప్రధాని సభ ఏర్పాట్లలో ఉన్నారు. నేగీ నిర్దోషి అని తేలినందుకు నాలుగు రోజుల్లో ఆనకట్ట కింది మైదానంలోనే విజయోత్సవ సభ. అదే రోజు గంట పార్టీ వాళ్లు ఆనకట్ట పైన బైఠాయిస్తామన్నారు. కమిషన్ ముద్ర లేకుండా పదకొండు వేల మందిని కదిలిస్తే ఏదో ఒక పార్టీ తరఫున పనిచేసినట్టవుతుందని కలెక్టరుగారి మాటగా ఎవరో చెప్పారు.

"పైన వాళ్లు, కింద వీళ్లు," అంది హైమ. "మేడమ్, మా ఆయన మధ్యలో ఉంటారు."

వేదవల్లి కాగితం మీద సంతకం పెట్టింది. "పట్టుకెళ్లు. ఎవరు వింటే వాళ్లకి చూపించు. నేను హైదరాబాదు వెళ్లి ఆ కార్యదర్శి గుమ్మంలో కూర్చుంటాను. ఇంకా ఎన్నాళ్లుందని నేనూ అడగలేదే హైమా. ముప్పై ఏళ్ల సర్వీసు. ఉత్తరం వస్తే చాలనుకున్నాను."

*

ఆనకట్ట కడుపులోకి నూట నలభై మెట్లు. కింద సొరంగంలాంటి నడవా, తలకి తగిలేంత దగ్గరగా దీపాలు. తిలక్ ముందు నడుస్తూ ఆమె చెయ్యి వదల్లేదు. పదిరోజుల కిందట ఇదే మెట్ల మీద తన హెల్మెట్ ఆమె నెత్తిన పెట్టి ఫోటో తీశాడు.

"మా కొలత చూడు," అన్నాడు. గోడలోంచి ఊరిన నీరు ఒక గొట్టంలోంచి పడుతుంది. దాని కింద బకెట్ పెట్టి, నిండేదాకా పైకి అంకెలు లెక్కపెడతారు. ఎన్ని సెకన్లు పట్టిందో రోజూ సుద్దముక్కతో గోడ మీద రాస్తారు. పైనుంచి కిందికి చదివితే తొంభై, ఎనభై ఎనిమిది, ఎనభై. అలా దిగి దిగి నిన్నటి అంకె ఇరవై ఒకటి. "పై అధికారులకి రాస్తూనే ఉన్నాను. 'విషయం విచారణలో ఉంది' అని జవాబు."

"గేట్లు ఎత్తించలేవా?"

"అన్నీ ఎత్తినా నీళ్లు బీట కిందికి దిగడానికి పద్దెనిమిది రోజులు. పైన వానలు మొదలయ్యాయి, ఇంకా ఎక్కువే పడుతుంది." బకెట్ పెట్టాడు. "ఒకటి, రెండు, మూడు..."

హైమ కూడా లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర బకెట్ పొర్లింది.

అప్పుడు గోడలో ఒక చప్పుడైంది. పెద్దదేం కాదు. ఎండుకొమ్మ విరిచినట్టు, ఒక్కటే. దీపాలు అలాగే ఉన్నాయి. నీళ్లు అలాగే పడుతున్నాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మెట్ల వైపు పరుగెత్తారు. హైమకి నూట నలభై మెట్లూ ఎక్కినట్టు గుర్తులేదు, ఎండలోకి వచ్చాక కూడా తిలక్ చొక్కా గుప్పిట్లో ఉండటం మాత్రం గుర్తుంది.

"ఒరేయ్, రేపటి నుంచి దిగకురా."

"నేను దిగకపోతే లెక్క ఎవరు పెడతారే?" అన్నాడు. పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి.

*

దిగువపేట సెంటర్లో, బజ్జీల బండి దగ్గర, పది మంది ఉన్నచోట హైమ కాగితం చూపించి చెప్పింది. ఏడు రోజులు, బహుశా అయిదే. కొండ మీద స్కూలుకి వెళ్లిపోవాలి.

"చూశారా!" అంది గంట పార్టీ మనిషి ఒకావిడ. "నేగీ హయాంలోనే కూలుద్దన్నమాట. ఇప్పుడు దారికొచ్చావమ్మా."

"ముప్పై ఎనిమిదేళ్లు కూలని గోడ, సరిగ్గా అమ్మగారి సభ ముందు కూలుద్దా?" అన్నాడు గొడుగు పార్టీ ఆయన. "మీ మావ చెప్పించాడు కదూ? కోడలు మెట్టినింటి మనిషైపోయిందయ్యా."

"కోడలేంటి, నిన్న వాళ్ల నాన్న చెప్పిందల్లా చెప్పింది కాదేంటి ఆ యంత్రం!" అంది ఇందాకటావిడ.

బజ్జీలు చల్లారిపోయేలా అరుచుకున్నారు. హైమ మధ్యలో నిలబడింది. ఎవరివల్ల అని అందరూ అడిగారు. ఎప్పుడు బయల్దేరాలి అని ఒక్కరూ అడగలేదు.

తాతారావు స్కూటరు ముందు బ్యానర్ల కట్ట పెట్టుకుని అటే వచ్చాడు. కూతురు ఆపి చూపించిన కాగితం చదివాడు.

"మొదటి పది అడుగులకీ ఇరవై ఏళ్లు పట్టిందంటున్నావు. చివరి పది అడుగులు మూడేళ్లలోనా? అంటే మా అమ్మగారి మీదికే కదే తెస్తున్నావు!"

"ఆవిడ తేలేదు నాన్నా. ఆవిడ వచ్చేసరికే ఉంది. వచ్చాక ఎవరూ చూడలేదు, అంతే. ఏడు ప్రభుత్వాలు చూడలేదు. నువ్వు అమ్మని తీసుకుని ముందు కొండెక్కు."

"నిన్న నువ్వే గెలిపించి ఇవాళ నువ్వే ఇలా అంటే నేను నలుగురికీ ఏం చెప్పుకోను తల్లీ?" ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. బ్యానర్ల కట్ట జారిపోతుంటే సర్దుకుని స్కూటరు తిప్పేశాడు.

నాలుగున్నరైంది. దిగువపేటలో రోజూ ఆ వేళకే పొద్దు గూకుతుంది. ఆనకట్ట నీడ ముందు చెరుకు తోట మీద, తర్వాత సెంటరు మీద, తర్వాత ఇళ్ల మీద పడుతుంది. పుట్టినప్పటి నుంచీ పడుతున్న నీడే. ఇవాళ అది కాళ్లను తాకగానే హైమ వెనక్కి గెంతింది.

*

గవర్రాజు నిన్నటి నుంచీ అరుగు దిగలేదు. అన్నం కూడా అక్కడే, సగం తిని వదిలేశాడని అత్తగారు చెప్పింది. హైమ పక్కన కూర్చుని కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు.

"సెంటర్లో గొడవ వినపడింది. ఎన్ని రోజులమ్మాయ్?"

ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. హైమకి ఏడుపొచ్చింది. "ఏడు. అయిదు కూడా కావచ్చు మావయ్యగారూ."

ఆయన తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "ఆ ఫిబ్రవరి పదకొండున వ్యాస్‌గారు ప్రారంభానికి వత్తన్నారు. గోడ ఇంకా ఎనిమిది అడుగులు లేవాలి. పాత పోత మీద కొత్తది వేసేముందు ఇనపబ్రష్షుతో గీకి, కడిగి, తడిపి, సిమెంటు పాలు పొయ్యాల. లేపోతే రెండూ అతుక్కోవు. ఆ పని నాది. నా కింద పన్నెండు మంది. పూర్తిగా ఒక రోజు పట్టుద్ది. ఆ రోజు లేదు. దుమ్ము మీదే పోసేశాం. కడిగారా అని అడిగాడు పై ఆయన. కడిగామన్నాను. పదకొండున దండ కూడా నేనే వేశాను పెద్దాయనకి."

లోపల టీవీ పైన ఆ దండ వేస్తున్న ఫోటో ఉంది. హైమ రోజూ దుమ్ము తుడిచే ఫోటో.

"కిందటేడు తడి గీత చూసిన రోజునే తెలిసింది నాకు, అది ఏ వరసో. తెలిసి ఏం చేశాను? నేగీ, నేగీ అని అరిచాను. నా అరుపు నాకు వినపడకుండా ఇంకా గట్టిగా అరిచాను. నా కొడుకు రోజూ దాని కడుపులోకి దిగుతున్నాడమ్మాయ్."

హైమకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ భయం దాన్ని నిలవనియ్యలేదు. "మీరు కడగకపోయినా, ఆ తర్వాత ఎవరైనా చూసి అతుకు వేయించొచ్చు మావయ్యగారూ. ముప్పై ఎనిమిదేళ్లు ఉంది."

"నన్ను ఓదార్చకు. టైము లేదు. జనం వింటన్నారా?"

"ఎవరూ వినట్లేదు. నా మాట వింటే మీది అంటారు, మీ మాట వింటే..."

"మాట వినరు. మాటతో కదిలే ఊరు కాదిది. ఇది కదిలేది ఒకే ఒక్క రోజు." గవర్రాజు లేచాడు. మోకాలు పట్టేస్తే స్తంభం పట్టుకుని లేచాడు. లోపలికి వెళ్లి అటక మీంచి ఓటర్ల జాబితా దింపుకొచ్చాడు. నలిగిన కాగితాల మీద పచ్చ సిరా, ఎర్ర సిరా గుర్తులు. "ఇదిగో, ఈ ఎర్ర గుర్తులు మంచం పట్టిన ముసలాళ్లు. వీళ్లకి ఆటో పంపాల. ఈ ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోరు, విడివిడిగా పిలవాల. ఈవిడ ఉప్మా పెడితే గానీ గడప దాటదు. పోలింగు రోజు మద్దేనానికల్లా వార్డు మొత్తం ఖాళీ చేయిస్తాం, తెలుసా నీకు? శవం ఒక్కటే మిగులుద్ది ఇంట్లో."

మంగతాయారు గుమ్మంలో నిలబడి వింటోంది. "రెండు వేల ఇళ్లున్నాయండీ ఊళ్లో. మీ గంటోళ్లు లేపేది సగమే."

"అందుకే." గవర్రాజు హైమ ఫోను వైపు చెయ్యి చాపాడు. "మీ నాన్నకి కలిపి స్పీకరు పెట్టు."

తాతారావు ఎత్తగానే, "బావగారూ, గవర్రాజుని. రేపు పోలింగు," అన్నాడు.

"ఏం పోలింగండీ బాబూ?"

"ఆనకట్ట పోలింగు. బూతు కొండ మీద స్కూలు. మీ కుర్రాళ్లనీ, ఆటోలనీ, మైకునీ తియ్యండి. మీ వాళ్లు మా మాట వినరు, మా వాళ్లు మీ మాట వినరు. ఎవరోళ్లని వాళ్లే లేపాల, మిగతా వార్డుల్లో కూడా."

"ఆగండాగండి. అంటే అమ్మగారి తప్పని నాతో ఒప్పించాలనా? సభకి ముందు నేను అలా అంటే..."

"తప్పు నాది బావగారూ."

గవర్రాజు ఫోను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఆ వరస పోసింది నేను. కడగకుండా పోశాను. వ్యాసూ కాదు, నేగీ కాదు, గవర్రాజు. ఆరో వార్డు, ఇంటి నెంబరు ఇరవై రెండు. సభలో చెప్పుకోండి, పేపర్లో వేయించుకోండి, నేను సంతకం పెడతాను. ఎవరిదో తేలిపోయింది గదా. ఇక చెప్పండి, మీ వార్డులో మంచం పట్టినోళ్లు ఎంతమంది?"

హైమ పిడికిలి బిగించి నేల వైపు చూస్తోంది. ఇప్పుడు నాన్న నవ్వితే తను జన్మలో క్షమించలేదు.

"ముప్పై నలుగురు," అన్నాడు తాతారావు. "ఇద్దరికి ఆక్సిజన్. నా దగ్గర ఆటోలు పదకొండే ఉన్నాయి బావగారూ."

"నావి తొమ్మిది. మైదానానికి జనాన్ని తోలడానికి మీ పార్టీ మాట్లాడిన బస్సులున్నాయిగా?"

"...ఉన్నాయి. అడుగుతాను. కాదు, అడగను. తోలుకొచ్చేస్తాను."

తిలక్ సైకిలు దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. బట్టలు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి. తండ్రి అన్న మాటలు ఎక్కడి నుంచి విన్నాడో తెలియదు. వచ్చి జాబితాలో సగం కాగితాలు తీసుకుని అరుగు మీద పరుచుకుని, ఎర్ర గుర్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. హైమ అతని భుజానికి ఆనుకుని కూర్చుంది. అతని చొక్కాలోంచి గోడ కడుపులో వాసన, తడి సున్నం వాసన వస్తోంది.

ఇంకా వెలుతురుండగానే మైకు ఆటో వచ్చి ఆగింది. దాని మీద గంట జెండా ఉంది. గవర్రాజు దాన్ని ఊడపీకలేదు, ఊడపీకితే తన వాళ్లు వినరు. రెండో వీధిలోంచి గొడుగు ఆటో గొంతు అప్పటికే వినిపిస్తోంది, తాతారావు గొంతు. గవర్రాజు మైకు అందుకుని, రెండుసార్లు ఊది చూసి, ఆనకట్టకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఆరో వార్డు ఓటరు మహాశయులారా! రేపు పొద్దున్న ఏడింటికి పోలింగు. కొండ మీద స్కూల్లో. ఆటోలు ఆరింటి నుంచీ మీ గుమ్మంలో ఉంటాయి. టిఫిను అక్కడే. కార్డులు తేనక్కర్లేదు, స్లిప్పులు తేనక్కర్లేదు. కప్పుకోడానికి దుప్పట్లు తెచ్చుకోండి. ఈసారి ఓటు లేనోళ్లని, చంటిపిల్లల్ని, ముందు ఎక్కిస్తాం."